పదకొండు ముడులు

కొడుకు పుట్టకముందే
కొడుకు పేరు ఆమెకు పెట్టేశారు.
లెసోతోలో అంతే,
కొత్త కోడలు గడప తొక్కిన రోజునే
రాబోయే బిడ్డకి తల్లయిపోతుంది.
మాటాంకిసో అన్నారు. టాంకిసో వాళ్ళమ్మ అని.
టాంకిసో అంటే కృతజ్ఞత.

రెండేళ్ళకి టాంకిసో వచ్చాడు.
నాలుగో ఏట నడిచాడు.
ఏడో ఏటికి మూడు మాటలు:
నీళ్ళు, గుర్రం, వద్దు.
పదేళ్ళొచ్చినా బడి గుమ్మానికి అవతలే.

ఊట దగ్గర, పిండిమర దగ్గర, చర్చి మెట్ల మీద
రోజుకు వందసార్లు
మాటాంకిసో, మాటాంకిసో అని పిలిచే నోళ్ళు
వాడి ఊసెత్తితే మాత్రం గొంతు తగ్గించేవి.

వాళ్ళ భాషలో ‘మా’ అంటే తల్లి.
మన భాషలో ఏమిటో మీకు తెలుసు.
ఇది రాస్తుంటే అక్కడ నా చెయ్యి కాసేపు ఆగింది.

ముసలమ్మ మాంతోఫేలా
ఎవరూ అడక్కుండానే లెక్క మొదలుపెట్టింది.
ఆవిడ మనవరాలు పుసెలెట్సోకి పందొమ్మిదేళ్ళు,
ఇంకా బొటనవేలు చప్పరిస్తుంది.
శనివారం శనివారం
పొట్టిగుర్రం మీద ఈవిడ, వెనక కాలినడకన నలుగురు తల్లులు,
మొఖోట్లాంగ్ కొండల్లో గుడిసె గుడిసెకీ.
“మీ ఇంట్లో ఉన్నారా, మా పిల్లల్లాంటి వాళ్ళు?”
“లేరమ్మా” అనేవారు.
లోపల్నించి ఎవరో నవ్వేవారు.

అప్పుడు ముసలమ్మ చతికిలబడి టీ అడిగేది.
టీ మరిగేదాకా మనవరాలి సంగతులు చెప్పేది,
పక్క తడిపే సంగతి కూడా దాచకుండా.
రెండో కప్పుకి లోపలి తలుపు కొంచెం తెరుచుకునేది.
కప్పుకున్న కంబళి అంచు దారానికి
ఒక ముడి.

సియాబాటా మాత్రం మూడుసార్లు తరిమాడు.
నాలుగోసారి తనే వచ్చాడు,
తమ్ముణ్ణి గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని.
ముప్ఫై నాలుగేళ్ళ తమ్ముడు.
పట్టపగలు ఆ దారి చూడటం
అతనికదే మొదలు.

పదకొండు ముడులు.

ఊరి పెద్ద సభ పిలిచిన పొద్దున
గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు.
హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు.
బెంచీకి ఇప్పటికే ఆరుగురన్నాడు,
ఇలాంటివాళ్ళకి రాజధానిలో వేరే బడి ఉందన్నాడు,
అంతా వీళ్ళ మంచికేనన్నాడు.
‘మంచికే’ దగ్గర మాటాంకిసో లేచింది.

“నా కొడుకు గొప్పవాడని చెప్పడానికి రాలేదు.
గొర్రెల్ని కాయమంటే పోగొట్టుకొస్తాడు.
లెక్కలు రావు. ఎప్పటికీ రావేమో.
మీకు చూపించి మెప్పించడానికి
వాడి దగ్గర ఏ విద్యా దాచి లేదు.
రాజధానికి గుర్రం మీద ఒక పగలు, బస్సులో ఇంకో పగలు.
వాణ్ణి గేలి చేసేది ఈ ఊరి పిల్లలు.
వాడు పోతే మోసేదీ ఈ ఊరి పిల్లలే.
ఈ మధ్యలో, వాడి పక్కన కూర్చోవడం ఎప్పుడు నేర్చుకుంటారు?
పన్నెండేళ్ళుగా నన్ను వాడి పేరుతోనే పిలుస్తున్నారు.
మీ నోట్లో పట్టిన పేరు
మీ బెంచీ మీద ఎందుకు పట్టదు?”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
గట్టు అవతల ఏదో సకిలించింది.
“గుర్రం” అన్నాడు టాంకిసో,
సభంతటికీ వినపడేలా.

ఊరి పెద్ద దగ్గాడు.
హెడ్మాస్టరు చాలాసేపు తన టోపీని తిప్పుతూ కూర్చుని
“సోమవారం పంపండి, ఒక్క గంట.
చూద్దాం” అన్నాడు.

సోమవారం.
హాజరుపట్టీలో చిట్టచివర, పెన్సిలుతో, చెరపడానికి వీలుగా.
“టాంకిసో!”
“ఆఁ” అంది కిటికీ బయట తల్లి,
పన్నెండేళ్ళ అలవాటున.
క్లాసంతా గొల్లుమంది.
టాంకిసో కూడా నవ్వాడు,
ఎందుకో తెలియక, లేదా తెలిసే.

గోడవార ఎండలో మాంతోఫేలా
కంబళి అంచు తడిమి పట్టుకుంది.
ఒక్క గంటే కదా.
ముడి విప్పలేదు.
గోటితో కాస్త వదులు చేసింది.